మిహిర్ సేన్ ఏ నీళ్లలో ఈదాడు?

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడి తరఫున క్విజ్ పోటీలకు వెళ్లేవాణ్ని. అప్పట్లో బట్టీ పట్టిన జవాబుల్లో మిహిర్ సేన్ ఒకడు. "ఒకే ఏడాదిలో అయిదు ఖండాల నీళ్లు ఈదిన భారతీయుడెవరు?" అని అడిగేవారు. ప్రశ్న పూర్తికాకముందే బల్ల చరిచి చెప్పేవాణ్ని. ఆ అయిదు పేర్లూ వరసగా అప్పజెప్పగలిగేవాణ్ని కూడా: పాక్ జలసంధి, జిబ్రాల్టర్, డార్డనెల్స్, బోస్ఫరస్, పనామా కాలువ. సంవత్సరం 1966. అవి ఎక్కడున్నాయో, ఒకదానికొకటి ఎంత తేడానో తెలియదు. తెలియాల్సిన అవసరమూ ఉండేది కాదు, మార్కులు పేరుకే గనక.

పాతికేళ్ల తర్వాత కిందటి ఏడాది ఆ వరస మళ్లీ గుర్తొచ్చింది. మా అపార్ట్‌మెంట్ ఈతకొలనులో మా అమ్మాయికి ఈత నేర్పిస్తున్నారు. నాలుగడుగుల లోతు, నీలం పలకలు, క్లోరిన్ వాసన. గట్టు మీద కుర్చీలో కూర్చుని చూస్తుంటే, ఆ అయిదింటిలో చివరిది మిగతా నాలుగింటి లాంటిది కాదు కదా అనిపించింది. నాలుగు దేవుడు చేసినవి, ఒకటి మనిషి తవ్వింది. ఒకే ఊపిరిలో చెప్పేశాం గానీ సముద్రంలో ఈదడం, కాలువలో ఈదడం ఒకటేనా? కాదని చెప్పడానికి నా దగ్గర సొంత కారణం ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంగ్లీషులో ఈతకొలను కానిదంతా 'ఓపెన్ వాటర్'. సముద్రం, నది, సరస్సు, జలాశయం, కాలువ, అన్నీ ఒకే గంపలో. మన పత్రికలు దీన్ని 'బహిరంగ జలాలు' అని రాస్తుంటాయి. బహిరంగ సభలాగా ఉంటుంది వినడానికి. నిజానికి తెలుగులో ఈ పనికి ఒక్క మాట లేకపోవడమే నయం. చెరువు, కుంట, వాగు, ఏరు, మడుగు, పాయ, ఉప్పుటేరు, కోనేరు, మోటబావి, దిగుడుబావి. మాట మారితే నీళ్ల నడత మారుతుంది. మడుగంటే లోతు, నిలకడ. వాగంటే నిన్న లేనిది, ఇవాళ ఉన్నది. ఈతకూ అంతే: బార, మునక, ఎదురీత, వాలుకు పోవడం. ఈ మాటలు పుట్టించినవాళ్లు నీళ్లను గట్టు మీద నుంచి చూసినవాళ్లు కారు.

సేన్ సంగతి ముందు చెప్పాలి. 1930లో పురూలియాలో పుట్టాడు, కటక్‌లో పెరిగాడు. లా చదువుకుని 1950లో బారిస్టర్ కావడానికి లండన్ వెళ్లాడు. చేతిలో డబ్బుల్లేవు. రైల్వే స్టేషన్లో రాత్రిపూట పోర్టరు పని చేశాడు, తర్వాత ఇండియా హౌస్‌లో ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లోనే ఫ్లోరెన్స్ చాడ్విక్ అనే అమెరికన్ మహిళ ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన కథ పేపర్లో చదివాడు. తనూ ఈదాలనుకున్నాడు. అప్పటికి ఆయనకు చెప్పుకోదగ్గ ఈత రాదు. వైఎంసీఏ కొలనులో మొదలుపెట్టాడు. మొదటి ప్రయత్నాలన్నీ విఫలం. చివరికి 1958 సెప్టెంబరు 27న డోవర్ నుంచి కాలే వైపు 14 గంటల 45 నిమిషాల్లో దాటాడు. ఇరవై ఏడేళ్లు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ ఒక పక్కమాట. ఛానెల్ దాటిన మొదటి ఆసియావాసి సేనే అని చాలాచోట్ల కనిపిస్తుంది. అదే 1958లో, సేన్ కంటే నెల ముందు, ఆగస్టులో, తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రోజేన్ దాస్ దాటేశాడు. తర్వాత మరెన్నోసార్లు దాటాడు, మొత్తం ఆరు. దేశవిభజన జరిగి పదకొండేళ్లే అయింది. ఇద్దరు బెంగాలీలు, ఒకే ఛానెల్, రెండు జెండాలు. ఎవరి పాఠ్యపుస్తకంలో వాళ్ల మొదటివాడు. మరుసటి ఏడాది 1959 సెప్టెంబరు 29న ఆరతి సాహా 16 గంటల 20 నిమిషాల్లో ఛానెల్ దాటింది. ఆసియా మహిళల్లో ఆమెదే మొదటిపేరు, దాని మీద తగాదా లేదు. నెల ముందు ఒకసారి గట్టు దగ్గర దాకా వచ్చి వెనుదిరగాల్సి వచ్చింది ఆవిడకు.

ముగ్గురూ బెంగాలీలే ఎందుకయ్యారు? నది ఉంది, సముద్రం ఉంది అంటే సరిపోదు. మనకూ గోదావరి ఉంది, కృష్ణ ఉంది, అంత పొడుగు తీరం ఉంది. ఆరతి చిన్నప్పుడు గంగ ఘాట్‌లో మునిగింది నిజమే గానీ, ఈతగత్తె అయింది హట్‌ఖోలా క్లబ్బులో. ఉత్తర కలకత్తాలో హెదువా, కాలేజ్ స్క్వేర్ లాంటి చోట్ల ఊరి నడుమ తవ్విన పెద్ద దిగుళ్లు ఉన్నాయి. చుట్టూ పుస్తకాల షాపులు, ట్రాములు, మధ్యలో నీళ్లు. ఆ దిగుళ్ల గట్ల మీద ఈత క్లబ్బులు వెలిశాయి, పోటీలు పెట్టాయి, గడియారం పట్టుకుని నిలబడ్డాయి. అంటే ఛానెల్ దాటిన ఈత పుట్టింది మనిషి తవ్విన చెరువులో. ఇవాళ్టికీ ముర్షిదాబాద్‌లో భాగీరథి నదిలో 81 కిలోమీటర్ల ఈతపోటీ జరుగుతుంది. మన ఊళ్లలో చెరువులకు కొదవలేదు గానీ గట్టు మీద గడియారం పట్టుకున్నవాడు లేడు.

ఛానెల్‌కు చరిత్రలో ఇంత పెద్దపీట ఎందుకంటే, ఆ పీట వేసినవాళ్లు దాని ఒడ్డున ఉన్నారు. 1875 ఆగస్టు 24న కెప్టెన్ మాథ్యూ వెబ్ ఒంటికి నూనె పట్టించుకుని డోవర్‌లో దిగాడు. 21 గంటల 45 నిమిషాల తర్వాత కాలే ఒడ్డెక్కాడు. అంతా ఛాతీ ఈత, ఇప్పటి బారలు కావు. ఇరుకైన చోట ఛానెల్ వెడల్పు 33 కిలోమీటర్లే గానీ ఎవరూ గీత గీసినట్టు పోలేరు. ఇంచుమించు ఆరేసి గంటలకోసారి పోటు దిశ మారుతుంది. ఈదేవాడు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొట్టుకుపోతూ పాములాగా వంకర తిరిగి అవతలికి చేరతాడు. నీళ్లు వేసవిలోనూ మనవాళ్లకు గడ్డకట్టినట్టే ఉంటాయి. పక్కన పడవ ఉంటుంది, దాన్ని ముట్టుకుంటే ఈత చెల్లదు. ఈ నియమాలు రాసి, సాక్షులను పెట్టి, చిట్టా కట్టడానికి 1927లో ఒక సంఘమే ఏర్పడింది.

వెబ్ కథ అక్కడితో ఆపేస్తారు చాలామంది. ఆపకూడదు. ఎనిమిదేళ్ల తర్వాత 1883లో, డబ్బు అవసరమై, నయాగరా జలపాతం కింద నది సుడులు తిరిగే చోట ఈదుతానని దిగి చనిపోయాడు. ఛానెల్‌లో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ నిలిచినవాడు నయాగరాలో కొద్ది నిమిషాలు నిలవలేకపోయాడు. మనిషి మారలేదు, నీళ్లు మారాయి. ఈత వచ్చా రాదా అన్న ప్రశ్న ఎప్పుడూ సగం ప్రశ్నే. ఏ నీళ్లలో, అన్నది మిగతా సగం.

ఇప్పుడు 1966. సేన్‌కు మొదటిది పాక్ జలసంధి. దీనికి డబ్బు కావాలి, ఓడలు కావాలి. అప్పుడే ప్రధాని అయిన ఇందిరాగాంధీ సాయం చేశారు. నౌకాదళం ఐఎన్ఎస్ సుకన్య, ఐఎన్ఎస్ శారద అనే రెండు నౌకలను వెంట పంపింది. ఏప్రిల్ 5న శ్రీలంకలోని తలైమన్నార్ దగ్గర దిగాడు. 25 గంటల 36 నిమిషాలు నీళ్లలో ఉండి, 6న ధనుష్కోటి దగ్గర ఒడ్డు తాకాడు. ఛానెల్‌లో పట్టిన సమయం కంటే పదిగంటలు పైన. దూరం చూస్తే రెండూ ఇంచుమించు ఒకే లెక్క. ఇక్కడ చలి లేదు. మరి అంత ఆలస్యం దేనికి? నీళ్లే. రామసేతువు తిన్నెల మీద కొన్నిచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అటు మన్నార్ సింధుశాఖ, ఇటు పాక్ అఖాతం. రెండు పక్కల నీళ్లూ ఆ తిన్నెల సందుల్లోంచి ఒకదాంట్లోకొకటి తోసుకుంటాయి. పైగా వెచ్చటి నీళ్లలో సొరచేపలు, సముద్రపు పాములు ఉంటాయన్న భయం. రామాయణంలో ఈ సముద్రాన్ని ఎగిరి దాటినవాడున్నాడు, వంతెన కట్టి దాటినవాళ్లున్నారు. ఈది దాటాలన్న ఆలోచన అంత పెద్ద వానరసేనలో ఎవరికీ వచ్చినట్టు లేదు. అర్థమవుతూనే ఉంది ఎందుకో.

ఆయన ఒడ్డెక్కిన ధనుష్కోటి అప్పటికే ఊరు కాదు. 1964 డిసెంబరు తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. పంబన్ నుంచి బయల్దేరిన రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. ప్రభుత్వం ఆ ఊరిని నివాసయోగ్యం కాదని ప్రకటించింది. సేన్ వచ్చేటప్పటికి పదహారు నెలలు కూడా కాలేదు. క్విజ్ పుస్తకాల్లో ఇది ఉండదు. ఏ నీళ్లైతే ఒక రాత్రిలో ఊరిని మింగాయో, ఆ నీళ్ల మీద నుంచే ఒక మనిషి ఈదుకుంటూ వచ్చాడు, దండలు వేశారు.

'మొదటివాడు' అన్న మాట ఇక్కడా తేడా కొడుతుంది. 1954లోనే జాఫ్నా ద్వీపకల్పానికి చెందిన నవరత్నస్వామి అనే తమిళుడు ఉత్తరాన, అసలు పాక్ జలసంధి అనదగ్గ చోట, ఈది తమిళనాడు తీరం చేరాడు. సేన్ దాటింది, మ్యాపు పట్టుకుని కచ్చితంగా మాట్లాడితే, జలసంధి దక్షిణపు అంచు. ఇద్దరిదీ గొప్ప ఈతే, దారులు వేరు. 1971లో కుమార్ ఆనందన్ అనే శ్రీలంక ఈతగాడు ఇటు వచ్చి మళ్లీ అటు వెళ్లాడు. ఆయన 1984లో ఇంగ్లిష్ ఛానెల్ ప్రయత్నంలో చనిపోయాడు. వెబ్ తలకిందులన్నమాట. ఇక వీళ్లందరికంటే ముందు, కొన్ని వందల ఏళ్ల నుంచి, మన్నార్ తీరంలో ముత్యాల కోసం, శంఖాల కోసం ఊపిరి బిగబట్టి మునిగినవాళ్లున్నారు. వాళ్లు ఈ జలసంధిలో ఎంత దూరం ఈదారో ఎవరు రాశారు? వాళ్లది పని, రికార్డు కాదు.

తర్వాతి మూడూ మధ్యధరా పక్కవి. నాబోటి ఇంజనీరింగ్ చదివినవాడికి ఇవే ఆసక్తి. జిబ్రాల్టర్ దగ్గర అట్లాంటిక్ నీళ్లు పైపొరలో తూర్పుకు, మధ్యధరాలోకి పారుతుంటాయి. మధ్యధరాలో ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. ఆ బరువు నీళ్లు అడుగున పడమటికి, అట్లాంటిక్‌లోకి జారుతుంటాయి. ఒకే జలసంధిలో రెండు నదులు ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా పోతున్నట్టు లెక్క. బోస్ఫరస్‌లోనూ ఇంతే. నల్లసముద్రంలోకి పెద్ద పెద్ద నదులు దిగుతాయి గనక అక్కడి పై నీళ్లలో ఉప్పు మహాసముద్రంలో ఉన్నదాంట్లో సగమే. అవి పైన దక్షిణానికి పారతాయి. మధ్యధరా వైపు ఉప్పునీళ్లు కింద ఉత్తరానికి పోతాయి. పదిహేడో శతాబ్దంలో మార్సీలీ అనే ఇటాలియన్ ఈ సంగతి కొలిచి చూపించాడు. జాలరులకు అంతకుముందే తెలుసు, బరువు కట్టిన వల లోతుకు దిగితే ఎదురు దిక్కుకు లాగుతుందని.

ఈదేవాడికి దీంతో ఏం పని? రెండు పనులు. ఒకటి, ప్రవాహం ఎటో తెలియకపోతే బార వేసినా వేయనట్టే. రెండు, తేలడం. మంచినీళ్ల కంటే సముద్రపు నీళ్ల సాంద్రత సుమారు రెండున్నర శాతం ఎక్కువ. చిన్న అంకెలా కనిపిస్తుంది. మనిషి ఒంటి సాంద్రత ఇంచుమించు మంచినీళ్లంతే ఉంటుంది గనక ఆ రెండున్నర శాతమే తేలడానికీ మునగడానికీ మధ్య తేడా. ఉప్పునీళ్లలో అలసినవాడు వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకోవచ్చు. బావిలో, చెరువులో, కాలువలో ఆ వెసులుబాటు తక్కువ.

డార్డనెల్స్ దగ్గర నాకు చిన్న అనుమానం వచ్చింది. సేన్ ఐరోపాలోని గాలిపోలి నుంచి 'ఆసియా మైనర్‌లోని' సెద్దుల్‌బహిర్ దాకా ఈదాడని రాస్తుంటారు. మ్యాపు తెరిచి చూస్తే రెండూ ఐరోపా ఒడ్డునే ఉన్నాయి. అంటే ఆయన అడ్డంగా దాటలేదు, జలసంధి పొడుగునా ఈదాడు. అప్పుడు 13 గంటల 55 నిమిషాలు అన్నది అర్థమైంది. ఎందుకంటే అదే డార్డనెల్స్‌ను కవి బైరన్ 1810 మే 3న గంటా పది నిమిషాల్లో దాటాడు. ప్రియురాలి కోసం రాత్రిపూట ఈదుతూ మునిగిపోయిన లియాండర్ గ్రీకు కథ నిజంగా సాధ్యమేనా అని చూడటానికి దిగాడు. ఇరుకైన చోట వెడల్పు కిలోమీటరు పైచిలుకే. బైరన్ చివరిదాకా కవిత్వం కంటే ఆ ఈత గురించే ఎక్కువ గొప్పలు చెప్పుకున్నాడంటారు. నాకు నచ్చుతుందా మాట. బోస్ఫరస్‌ది 4 గంటలు. దాన్ని అడ్డంగా దాటాలంటే అరగంట పని. కాబట్టి అదీ నిలువు ఈతే అయివుండాలి. ఒకే పేరున్న నీళ్లలో అడ్డం ఈత ఒక కథ, నిలువు ఈత ఇంకో కథ. రికార్డు పుస్తకం ఈ తేడా చెప్పదు.

అయిదోది పనామా. అక్టోబరు 29న దిగి 31న తేలాడు, 34 గంటల 15 నిమిషాలు. ఈ కాలువ 1914లో తెరిచారు, పొడుగు 80 కిలోమీటర్లు. పేరుకు కాలువ గానీ అందులో పెద్ద ముక్క గాటూన్ సరస్సు. చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నింపారు, అప్పట్లో మనిషి చేసిన సరస్సుల్లో అదే ప్రపంచంలో పెద్దది. సముద్రానికి 26 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఓడ లాకుల మెట్లెక్కి పైకి పోయి, సరస్సు దాటి, మళ్లీ లాకుల మెట్లు దిగాలి. 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ రచయిత దీన్ని రోజుకు కొంత చొప్పున ఈదాడు. ఓడలకు వేసినట్టే అతని బరువుకు లెక్కగట్టి 36 సెంట్లు సుంకం కట్టించుకుని లాకుల్లోంచి పంపించారు. మొసళ్ల భయానికి పక్క పడవలో తుపాకీవాడు. ఈత చరిత్రలో నవ్వొచ్చే ఘట్టాలు తక్కువ, ఇదొకటి.

గాటూన్ కింద మునిగిన అడవి ఉంది. చెట్ల మోడులు నీళ్లలో అలాగే నిలబడి ఉన్నాయి. ఊళ్లు లేపేశారు. ఒక కొండ శిఖరం మాత్రం మునగక ద్వీపమై మిగిలింది, బారో కొలరాడో అంటారు, ఇప్పుడక్కడ పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఇది చదువుతుంటే ఎక్కడో చూసినట్టుంది అనిపించిందా మీకు? నాకు అనిపించింది. నాగార్జునకొండ. సేన్ పనామాలో ఈదుతున్న కాలంలోనే ఇక్కడ కృష్ణకు అడ్డంగా సాగర్ ఆనకట్ట పూర్తికావస్తోంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ నీళ్లలోకి పోయింది. కొండ శిఖరం ద్వీపమైంది, దాని మీద మ్యూజియం. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి కుడి ఎడమ కాలువలకు నీళ్లు వదిలారు. ఏడాది కిందట సేన్‌కు ఓడలు ఇప్పించిన ఆవిడే.

ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు వస్తుంది. మాది ఆ పక్క ఊరు.

నాకు ఈత నేర్పింది మా పెద్దనాయన కొడుకు శీనన్న. మా మోటబావిలో. నడుముకు బెండ్లు కట్టి, మెట్ల మీద నుంచి తోసేసేవాడు. "బార వెయ్‌రా, బార! కాళ్లు కొట్టు, గోడ దిక్కు సూడకు" అని అరిచేవాడు. ఒక్కో రోజు ఒక్కో బెండు తీసేస్తూ వచ్చాడు. ఆఖరు బెండు ఎప్పుడు తీశాడో నాకు తెలియదు. ఈదుతున్నాక చెప్పాడు, "నీ నడుముకేం లేదు సూస్కో" అని. శీనన్న మోట గట్టు మీద నుంచి తలకిందులుగా దూకి అడుగున మట్టి పట్టుకొచ్చేవాడు. బావి ఈతలో మా ఊళ్లో అతన్ని మించినవాడు లేడు.

1998 దసరా సెలవుల్లో కాలువలో పోయాడు. పంతొమ్మిదేళ్లు.

బావి నీళ్లు కదలవు. ఎటు పోయినా రెండు బారల్లో గోడ, గోడకు రాయి, రాతికి సందు, సందులో వేలు దూర్చి వేలాడొచ్చు. బావిలో నేర్చుకున్న ఈత మొత్తం ఆ నమ్మకం మీద నడుస్తుంది, చేయి చాపితే పట్టు దొరుకుతుందని. పెద్ద కాలువ అలా కాదు. నీళ్లు ఇంకకుండా రెండు పక్కలా సిమెంటు పలకలు పరిచి వాలుగా కడతారు. నీళ్లు రాసుకోకుండా పారాలనే ఆ నునుపు. దాని మీద పాచి పడుతుంది. పై నుంచి చూస్తే మెల్లగా పోతున్నట్టే ఉంటుంది, అలలుండవు, సుడులు కనపడవు. దిగితే మనిషి పరుగంత వేగం. ఒడ్డు రెండు గజాల్లోనే ఉంటుంది, పట్టుకుందామంటే చెయ్యి జారుతుంది, మళ్లీ నీళ్లలోకే. ముందు తూములుంటాయి, వంతెన ఖానాలుంటాయి. నదిలో అయితే ఎక్కడో ఒక ఇసుక తిన్నె, ఒక చెట్టు వేరు, ఒక వంపులో నిలవ నీళ్లు దొరుకుతాయి. నది తనకు తెలియకుండానే మనిషికి చోటు వదులుతుంది. కాలువ గీసినవాళ్లు నీళ్ల గురించి మాత్రమే ఆలోచించారు. తప్పు పట్టడం లేదు, వాళ్ల పని అదే. ఆ నీళ్లతోనే మా పొలాలు పండాయి, ఆ పంటతోనే నేను చదువుకున్నాను.

అప్పట్లో ఊళ్లో ఒకే మాట తిరిగింది, "అంత ఈతగాడు ఎట్ల మునిగిండు?" అని. తాగాడన్నారు, ఎవరో తోశారన్నారు, గాలి సోకిందన్నారు. పెద్దమ్మ ఆ మూడు మాటలకూ మూడు విధాల ఏడ్చింది. నాకిప్పుడు మాథ్యూ వెబ్ గురించి చదువుతుంటే ఇదే గుర్తొస్తుంది. ఆయన పోయినప్పుడు ఇంగ్లండులోనూ ఇలాగే అడిగి ఉంటారు.

హైదరాబాదులో ఉంటున్నాను గనక ఒక మాట ఇక్కడి నీళ్ల గురించీ చెప్పాలి. ఈ నగరం చుట్టూ ఉన్నవన్నీ మనుషులు చేసిన నీళ్లే. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టింది. 1908 మూసీ వరదల్లో వేలమంది చనిపోయాక, మళ్లీ అలా జరగకూడదని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నాలుగు వందల ఏళ్ల నీళ్ల పనితనం చుట్టూ పెట్టుకుని ఈదడానికి ఒక్క చోటు లేదు. ఒకదాంట్లో మురుగు, మిగతావాటి గట్టున 'ఈత నిషేధం' బోర్డులు. బోర్డు న్యాయమే, అవి తాగే నీళ్లు. కానీ ఈ ఊరి నుంచే గోలి శ్యామల అనే ఆవిడ నలభై దాటాక ఈత నేర్చుకుని 2021 మార్చిలో పాక్ జలసంధి దాటింది. సేన్‌కు 25 గంటలు పట్టిన చోట ఆవిడకు పద్నాలుగు గంటల లోపే పట్టింది. పోటుపాట్ల లెక్కలు, వాతావరణ సూచనలు ఇప్పుడు మెరుగయ్యాయి. దానివల్ల ఆవిడ ఈత చిన్నదైపోదు. సేన్ అయిదు జలాల రికార్డునైతే 1994లోనే కుట్రాలీశ్వరన్ అనే తమిళ కుర్రాడు ఆరుతో దాటేశాడు, పట్టుమని పదమూడేళ్లు లేవు.

సేన్‌కు 1967లో పద్మభూషణ్ ఇచ్చారు. వ్యాపారం పెట్టాడు, అది దెబ్బతింది. చివరి ఏళ్లలో జబ్బు చేసి జ్ఞాపకశక్తి పోయింది. 1997 జూన్‌లో చనిపోయాడు. ఏ నీళ్లు ముందో ఏవి వెనకో నాబోటి బడిపిల్లలకు కంఠతా వచ్చు, ఈదినవాడికి గుర్తులేదు.

మన పేపర్లలో ఈతగాళ్లు మరో పేరుతో కనిపిస్తారు. గజ ఈతగాళ్లు. "గజ ఈతగాళ్లతో గాలిస్తున్నారు." "పుష్కర ఘాట్ల వద్ద గజ ఈతగాళ్లను సిద్ధంగా ఉంచారు." ఎప్పుడూ బహువచనమే. ఎవరికీ పేరుండదు, సమయం ఉండదు, ఎంత దూరం ఎంత లోతు అన్న లెక్క ఉండదు. వరదలో, బురదలో, రాత్రిపూట, కట్టెలూ కంపలూ కొట్టుకొచ్చే నీళ్లలో వాళ్లు చేసే ఈతకు పక్కన పడవ కూడా ఉండదు చాలాసార్లు. ఏ సంఘమూ దాన్ని ఈత కింద రాసుకోదు.

శీనన్నను బయటికి తీసింది అలాంటి ఒకాయనే. వాడపల్లి నుంచి పిలిపించారు. అక్కడ కృష్ణలో మూసీ కలుస్తుంది, చేపలు పట్టేవాళ్లుంటారు. అప్పటికి ఒకటిన్నర రోజు గడిచింది. మా ఊరి కుర్రాళ్లు పది పదిహేనుమంది తాళ్లు కట్టుకుని దిగి అలసిపోయి ఉన్నారు. నేను మా నాయన వెనకాల నిలబడి చూశాను, పదేళ్లవాణ్ని. ఆయన గళ్ల లుంగీ, మెడలో తువ్వాలు. ఇంతే గుర్తు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పెద్దనాయనను అడిగాను, ఆయన పేరేంటి అని. పెద్దనాయనకు డెబ్బై అయిదు దాటాయి. చాలాసేపు ఆలోచించాడు.

"పేరు యాదికి లేదురా. అడిగినమో లేదో గుడ తెల్వదు. కానీ ఒకటి యాదికుంది. అందరు వచ్చుడుతోనే దూకిర్రు. ఆయన దూకలే. 'ఏడ దిగిండు?' అని అడిగిండు. ఆడికి పోయి నిలవడ్డడు. ఒక పుల్ల ఇరిచి నీళ్లల్ల ఏసిండు, దాని ఎంబడి గట్టు మీద నడిసిండు. ఇంకో పుల్ల ఏసిండు. మల్ల నడిసిండు. పావుగంట అదే పని. మీ పెద్దమ్మ మొత్తుకుంటనే ఉంది, ఎందుకు దిగడు ఈయన అని. రెండో వంతెన కాడ ఆగి, మూడో ఖానా సూపెట్టి, తువ్వాల నాకిచ్చి దిగిండు. ఒక్కటే మునక."